ఈఎస్‌పీ32 బోర్డుల్ని మాడ్‌బస్‌తో సర్వర్‌కి కలపడం

నమస్తే. ఈ వీడియోలో 8 ఈఎస్‌పీ32 బోర్డుల్ని, అంటే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుల్ని, ఒకే కేబుల్ మీద కలిపి, వాటి టెంపరేచర్ రీడింగుల్ని ఉబుంటు సర్వర్‌లోకి తెచ్చుకుందాం. ప్రోటోకాల్, అంటే అవి మాట్లాడుకునే భాష, మాడ్‌బస్ ఆర్‌టీయూ. మాడ్‌బస్‌ని 1979లో మోడికాన్ కంపెనీ తెచ్చింది. ఎనర్జీ మీటర్లు, మోటారు స్పీడు మార్చే వీఎఫ్‌డీలు, ఫ్యాక్టరీ యంత్రాల్ని నడిపే పీఎల్‌సీలు ఇప్పటికీ ఇదే మాట్లాడతాయి. అందుకే రేపు ఇదే లైను మీద మీటరు తగిలించాలన్నా కొత్తగా వైరింగ్ అక్కర్లేదు.

ముందు చిప్ సంగతి. కేబుల్ మీద సిగ్నల్ ఆర్ఎస్485 పద్ధతిలో, ఏ, బీ అనే రెండు వైర్ల మీద వెళ్తుంది. బోర్డు సిగ్నల్‌ని అలా మార్చడానికి ప్రతి బోర్డుకీ ఒక చిప్ కావాలి. బజార్లో చౌకగా దొరికే మాక్స్485 మాడ్యూల్ 5 వోల్టుల మీద నడుస్తుంది. దాని ఆర్ఓ పిన్ నుంచి, అంటే బోర్డుకి డేటా ఇచ్చే పిన్ నుంచి, 5 వోల్టులు వస్తాయి, ఈఎస్‌పీ32 పిన్నులు 3.3 వోల్టులకి మించి తట్టుకోవు. కాబట్టి మాక్స్3485 ఉన్న మాడ్యూల్ తీసుకోండి. ఆర్ఓని ఈఎస్‌పీ32లో జీపీఐఓ 16 పిన్నుకి, బోర్డు నుంచి డేటా తీసుకునే డీఐని 17కి పెట్టండి. పంపాలా వినాలా అని చిప్‌కి చెప్పే డీఈ, ఆర్ఈ రెండూ కలిపేసి 4కి ఇవ్వండి. మీది ఈఎస్‌పీ32 రోవర్ మాడ్యూల్ అయితే 16, 17ని దాని అదనపు మెమరీ పీఎస్‌ర్యామ్ వాడుకుంటుంది, వేరే పిన్నులు చూసుకోండి. ఆర్ఓ నుంచి 3.3కి ఒక 10కే రెసిస్టర్ కూడా వేయండి. బోర్డు పంపుతున్నంతసేపు ఆర్ఓ గాల్లో వేలాడుతుంది, అప్పుడు చెత్త బైట్లు లోపలికొస్తాయి.

ఇప్పుడు కేబుల్. ట్విస్టెడ్ పెయిర్ వాడండి, ఏ, బీ వైర్లతోపాటు గ్రౌండ్ వైరు కూడా లాగండి. రెండు వైర్లు చాలనుకుని గ్రౌండ్ వదిలేస్తే బల్ల మీద పనిచేసి, ఫ్యాక్టరీలో మోటారు ఆన్ కాగానే చస్తుంది. ఒక బోర్డు నుంచి పక్క బోర్డుకి వరసగా వెళ్లాలి, మధ్యలోంచి కొమ్మలు తీయకూడదు.

ఎక్కువమంది ఇరుక్కునేది టర్మినేషన్ దగ్గర, అంటే లైను చివర సిగ్నల్ వెనక్కి తిరగకుండా ఏ, బీల మధ్య వేసే రెసిస్టర్ దగ్గర. ఆ 120 ఓమ్‌లు లైను రెండు చివర్లా మాత్రమే ఉండాలి. కానీ చాలా మాడ్యూళ్లలో అది ముందే సోల్డర్ చేసి వస్తుంది. 8 మాడ్యూళ్లూ అలాగే తగిలిస్తే 120ని 8తో భాగించండి: 15 ఓమ్‌లు. ఆ లోడుని డ్రైవర్ లాగలేదు. అందుకే అన్నిటికీ కరెంటు తీసేసి, ఏకి బీకి మధ్య మల్టీమీటర్ పెట్టి చూడండి. 60 ఓమ్‌ల దగ్గర చూపించాలి. 60 కంటే బాగా తక్కువ వస్తే మధ్య మాడ్యూళ్లలో ఆ రెసిస్టర్ పీకేయండి. 120 వస్తే ఒక చివర లేదన్నమాట.

కోడ్‌లో సీరియల్ సెట్టింగులు 9600 బాడ్ (సెకనుకి 9600 బిట్లు), 8 బిట్లు, ఈవెన్ పారిటీ, 1 స్టాప్ బిట్ పెడుతున్నాం. సర్వర్‌లోనూ ఇవే ఉండాలి. బోర్డులకి 1 నుంచి 8 వరకు అడ్రస్‌లు. పంపేముందు జీపీఐఓ 4 హై, సీరియల్ రైట్, తర్వాత ఫ్లష్, అంటే అన్ని బైట్లూ వెళ్లేదాకా ఆగడం, ఆ తర్వాతే జీపీఐఓ 4 లో. ఫ్లష్ మర్చిపోతే చివరి బైట్లు వైరు మీదికి రాకముందే డ్రైవర్ ఆగిపోతుంది. చివర ఉండేది సీఆర్‌సీ, అంటే డేటా చెడిపోలేదని చూసుకునే బైట్లు, కాబట్టి ఆ జవాబుని సర్వర్ పారేస్తుంది, మీకు కనిపించేది టైమవుట్ మాత్రమే. చాలామంది అప్పుడు కేబుల్ మార్చేస్తారు, తప్పు కోడ్‌లో ఉంటే.

టెంపరేచర్‌ని ఫ్లోట్‌గా పంపొద్దు, పదితో గుణించి ఒకే రిజిస్టర్‌లో, అంటే మాడ్‌బస్‌లో ఒక విలువ పట్టే 16 బిట్ల గడిలో, పెట్టండి. 25.3 అంటే 253. మైనస్ 5.2 అయితే సర్వర్‌కి 65484 అని వస్తుంది, దాన్ని సైన్డ్ 16 బిట్‌గా చదవాలి.

సర్వర్‌కి యూఎస్‌బీ ఆర్ఎస్485 కన్వర్టర్ గుచ్చండి. పర్మిషన్ డినైడ్ అంటే మీ యూజర్‌ని డయలౌట్ గ్రూపులో చేర్చి, లాగౌటై మళ్లీ రండి. పైథాన్ ముట్టుకునేముందు ఎమ్‌బీపోల్ అనే కమాండ్‌తో ఒక్క బోర్డుని చదవండి. అసలు జవాబే రాకపోతే ఏ, బీ తారుమారు చేసి చూడండి. కంపెనీలు ఆ పేర్లు ఒకేలా వాడవు, తిప్పితే ఏమీ కాలదు. ఇంకో చిక్కు: మీటరు మాన్యువల్‌లో రిజిస్టర్ నంబరు 40001 అని రాసుంటే వైరు మీద వెళ్లే అడ్రస్ 0. విలువ పక్క రిజిస్టర్‌ది వస్తే ముందు ఇదే చూడండి.

అది వచ్చాక పైమాడ్‌బస్ అనే పైథాన్ లైబ్రరీతో 8 అడ్రస్‌లనీ వరసగా అడగండి. ఒక రిజిస్టర్‌కి ప్రశ్న 8 బైట్లు, జవాబు 7. మధ్య మౌనం కలుపుకుంటే వైరు మీద ఒక్కో బోర్డుకి 30 మిల్లీసెకన్ల లోపే. టైమవుట్ మాత్రం 1 సెకను పెట్టకండి, 200 మిల్లీసెకన్లు చాలు. లేకపోతే ఒక్క బోర్డు ఆగినా మిగతా ఏడూ ప్రతి రౌండులో దానికోసం సెకను ఆగాలి. వరసగా 3 సార్లు జవాబివ్వని బోర్డుని పక్కనపెట్టి, నిమిషానికోసారి పలకరించండి.