ముల్లర్లంటే ఏమవుతారు?

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే ముగ్గురు చదివారు, నేను మళ్లీ చదవను. "జర్మన్ నేర్పిన మాస్టారు కదా, పిల్లల్ని జర్మనీ పంపిన తల్లిదండ్రులకు పనికొచ్చే నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు అధ్యక్షులవారు. వీసా, బ్లాక్డ్ అకౌంటు, చలికోట్ల సంగతి నాకంటే మీ పిల్లలకే బాగా తెలుసు. నేను ఒక్క ఇంటిపేరు గురించి మాట్లాడి కూర్చుంటాను. ముల్లర్.

ఎందుకంటే ఈమధ్య ఒక పెళ్లి పంక్తిలో నా పక్కన కూర్చున్న పెద్దావిడ అడిగారు. "మాస్టారూ, మా మనవరాలు అక్కడ ముల్లర్ అనే అబ్బాయిని చేసుకుంటానంటోంది. ముల్లర్లంటే వాళ్లలో ఏమవుతారండీ?" ఆ "ఏమవుతారు" అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ విడమరచక్కర్లేదు. మన దగ్గర ఇంటిపేరు వినగానే మనసులో లెక్క మొదలవుతుంది. ఆ లెక్క అక్కడ పనిచేయదమ్మా అన్నాను. ఆవిడ నమ్మలేదు. ఆవిడకు చెప్పాల్సిన జవాబు మీకు చెబుతున్నాను.

ముల్లర్ అంటే పిండి మర ఆడించేవాడు. అంతే. మరను లాటిన్‌లో మోలీనా అంటారు, దాన్ని నడిపేవాడు మోలినారియస్. పాత జర్మన్‌లోకి ఆ మాటే అరిగి అరిగి వచ్చింది. ఉత్తరాన సముద్రం వైపు వెళితే మోల్లర్ అంటారు, దక్షిణాన కొన్నిచోట్ల మిల్లర్ అనే రాస్తారు. చదువుకున్న కొందరు దాన్ని లాటిన్‌లోకి తిప్పి మోలిటర్ అని పెట్టుకున్నారు. అమెరికా వెళ్లిన ముల్లర్లలో చాలామంది మిల్లర్లయిపోయారు. ఇవాళ జర్మనీలో ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ఇదే, స్విట్జర్లాండ్‌లోనూ ఇదే. జర్మనీలో దీని వెనకాలే ష్మిట్, అంటే కమ్మరి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఆ రోజుల్లో జనంలో అత్యధికులు రైతులు. మరి రైతు అనే ఇంటిపేరు కదా మొదట నిలవాలి? నిలవదు. ఊరంతా రైతులే అయినప్పుడు "రైతు హాన్స్" అంటే ఏ హాన్స్? మర ఆడించేవాడు ఒక్కడే ఉంటాడు కాబట్టి "మర హాన్స్" అంటే ఇట్టే తెలిసిపోతుంది. ఒక ఊళ్లో అరుదైనవాడు ప్రతి ఊళ్లోనూ ఒకడుంటే దేశం మొత్తానికి వాడే ఎక్కువవుతాడు. ఇలాంటి పేర్లు పన్నెండో శతాబ్దం నుంచి రైన్ నది వైపు పట్టణాల్లో మొదలై మెల్లగా పల్లెలకు పాకాయి. జర్మనీ వాయవ్య తీరంలోని తూర్పు ఫ్రీజియాలో తండ్రి పేరునే చివర తగిలించుకునే అలవాటు ఎంత గట్టిదంటే, 1811లో నెపోలియన్ ప్రభుత్వం హుకుం జారీ చేసి స్థిరమైన ఇంటిపేర్లు పెట్టుకోమనాల్సి వచ్చింది.

కాబట్టి ముల్లర్లందరూ ఒక వంశం కాదు. వేల మరల దగ్గర వేలసార్లు విడివిడిగా పుట్టిన పేరది.

పోనీ గొప్ప పేరా అంటే, అదీ కాదు. చాలాచోట్ల రైతు తన గింజల్ని దొర నిర్ణయించిన మరలోనే ఆడించాలి, వేరే ఊరి మరకు పోతే తప్పు. ఆడించిన కూలి డబ్బు కాదు, గింజలోనే వాటా. పదహారో వంతు చాలా ప్రాంతాల్లో వాడుక. కొలిచేది ఎవరు? మరవాడే. ఇక అనుమానం రాకుండా ఉంటుందా? ధాన్యం అమ్మిన మన రైతు మిల్లులో తరుగు తీసినప్పుడు ఏమంటాడో, వాళ్లూ అదే అన్నారు. మరవాడి మీద దొంగ అని సామెతలు కట్టారు. కొన్ని ప్రాంతాల్లో చేతివృత్తుల సంఘాలు మరవాళ్ల పిల్లల్ని చేర్చుకునేవి కావు. చివరికి 1548లో సామ్రాజ్య శాసనంలోనే రాశారు: నేతగాళ్లు, మంగళ్లు, గొర్రెల కాపరులు, మరవాళ్లు, వీళ్ల పిల్లల్ని సంఘాల్లోంచి తోసెయ్యకండి అని. శాసనం చెయ్యాల్సి వచ్చిందంటే ఎంత తోసేసి ఉంటారో చూడండి! వింటున్నారా, వెనకాల?

ఈ సంగతి తెలియనివాళ్లకు ఒక వ్యాపారం దొరికింది. మా బంధువుల కుర్రాడొకడు అక్కడి ఒక దుకాణంలో అద్దాల ఫ్రేములో రాజముద్ర కొన్నాడు, కాబోయే మామగారికి బహుమతిగా. ముల్లర్ వంశ చిహ్నమట. మధ్యలో మర చక్రం, పైన శిరస్త్రాణం, దాని చుట్టూ ఆకులు. జర్మన్ సంప్రదాయంలో చిహ్నం ఫలానా ఒక కుటుంబానిది, ఆ పేరున్న అందరిదీ కాదు. ఆ ఫ్రేము ఎవరో ఒక ముల్లర్ ఇంటిది కావచ్చు, ఎవరిదీ కాకపోవచ్చు. వాడు దానికి పోసిన యూరోలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

సరే, అసలు కథకు వస్తాను. ఇది నాకు ఇష్టమైన కథ, తరగతిలో ఏటా చెప్పేవాణ్ణి, చెప్పకుండా వదలను. న్యాయశాస్త్ర చరిత్రలో "ముల్లర్ ఆర్నోల్డ్ కేసు" అని ఉంది. ఆయన ఇంటిపేరు ముల్లర్ కాదు, ఆర్నోల్డ్. పేరు క్రిస్టియన్. పని మర. ఇంటిపేర్లు స్థిరపడి శతాబ్దాలు గడిచాక కూడా పనే ముందు నిలిచింది చూశారా! పోమర్‌జిగ్ అనే పల్లె, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. ఆర్నోల్డ్ మరకు ఎగువన గెర్స్‌డోర్ఫ్ అనే జమీందారు 1770లో చేపల చెరువులు తవ్వించాడు. కార్ప్ చేపలు. వాగులో నీళ్లు చాలడం లేదు, మర తిరగడం లేదు, శిస్తు ఎక్కణ్ణుంచి కట్టను అన్నాడు ఆర్నోల్డ్. కొల్లేరు పక్క వాళ్లెవరైనా ఉంటే చెప్పండి, ఎగువన చెరువు తవ్వితే దిగువవాడి మాట ఎవరు వింటారు? కోర్టు వినలేదు. శిస్తు కట్టాల్సిందే అంది, మర వేలానికి పోయింది. మొగుడూ పెళ్లాం రాజుకు అర్జీల మీద అర్జీలు పెట్టారు.

రాజంటే ప్రష్యా రాజు ఫ్రెడరిక్, అప్పటి జర్మన్ రాజ్యాల్లో ప్రష్యా ఒకటి. 1779 డిసెంబరులో ఆయన న్యాయమూర్తుల్ని బెర్లిన్ కోటకు పిలిపించి చెడామడా తిట్టి జైలుకు పంపాడు. ప్రధాన న్యాయాధికారి ఉద్యోగం ఊడింది. జనం జేజేలు కొట్టారు. పేదవాడి పక్షాన నిలబడ్డ రాజు! కానీ 1786లో ఆయన పోయాక, కొత్త రాజు ఆ న్యాయమూర్తుల తప్పేమీ లేదని తేల్చి వాళ్ల గౌరవం వాళ్లకు తిరిగి ఇప్పించాడు. ఎవరిది న్యాయమని నా విద్యార్థులు ఏటా కొట్టుకునేవారు. నా మటుకు ఆర్నోల్డ్ మీద జాలి ఉంది, కానీ తీర్పు నచ్చలేదని జడ్జీని జైల్లో వేసే రాజు నాకు వద్దు.

అధ్యక్షులవారు చీటీ పంపారు. అయిపోవచ్చింది.

మాక్స్ ముల్లర్ పేరు ఎత్తకుండా దిగితే మీరు ఊరుకోరు. 1823లో డెస్సావ్‌లో పుట్టాడు. తండ్రి విల్‌హెల్మ్ ముల్లర్ కవి, మరవాడి కూతురిని ప్రేమించిన కుర్రాడి మీద కవితలు అల్లాడు, వాటికి షూబర్ట్ బాణీలు కట్టాడు. తండ్రి పోయేటప్పటికి ఈయనకు ఇంకా నాలుగేళ్లు నిండలేదు. ఇంగ్లండులో ఋగ్వేదం అచ్చువేయించిన ఈయన ఏనాడూ మన దేశానికి రాలేదు. సంస్కృతంలో తన పేరు మోక్షమూలరుడని రాసుకున్నాడు, ఆక్స్‌ఫర్డ్‌ను గోతీర్థం అన్నాడు. ఆ పేరుకు "భట్ట" కూడా చేరేసరికి మనవాళ్లు కొందరు ఆయన్ని పూర్వజన్మ బ్రాహ్మణుణ్ణి చేసేశారు. పిండి మర పేరు మోక్షానికి మూలమైంది! కానీ ఆయన అసలు ఇబ్బంది వేరు. ముల్లర్లు మరీ ఎక్కువ కాబట్టి ముందున్న మాక్స్‌ను కూడా ఇంటిపేరులో కలిపేసుకున్నాడు. రాజకీయాల్లోనూ అంతే. 1928లో రెండోసారి జర్మనీ ఛాన్సలరైన, అంటే మన ప్రధాని లాంటి పదవిలోకి వచ్చిన హెర్మన్ ముల్లర్‌ను పార్లమెంటులో మిగతా ముల్లర్లతో కలిసిపోకుండా ముల్లర్-ఫ్రాంకెన్ అని పిలిచేవారు. ఫ్రాంకెన్ ఆయన గెలిచిన ప్రాంతం. మన ఇంటిపేర్లలో సగం ఊళ్ల పేర్లేగా, మీకు ఇది వింతేమీ కాదు.

డి.డి.టి. పురుగుల్ని చంపుతుందని కనిపెట్టి 1948లో నోబెల్ అందుకున్న పాల్ ముల్లర్ స్విస్. మలేరియా వాళ్లు మన గోడల మీద కొట్టి పోయింది ఆ మందే. 2009లో సాహిత్యానికి నోబెల్ అందుకున్న హెర్టా ముల్లర్ రొమేనియాలోని జర్మన్ పల్లెలో పుట్టింది. 1974 ప్రపంచకప్ ఫైనల్లో గెలుపు గోలు కొట్టింది గెర్డ్ ముల్లర్. 2014లో కప్పు గెలిచిన జట్టులో థామస్ ముల్లర్. ఒకరికొకరు ఏమీ కారు.

ఇక పనికొచ్చే ముక్కలు, మొదట అడిగినవి. అక్కడ పెళ్లయితే మీ అమ్మాయి ఇంటిపేరు మార్చుకోవాలన్న నిర్బంధం లేదు, ఎవరి పేరు వాళ్లు ఉంచుకోవచ్చు. 2025 మే 1 నుంచి కొత్త చట్టం వచ్చింది, ఇద్దరి పేర్లూ కలిపి దంపతులిద్దరూ పెట్టుకోవచ్చు, పిల్లలకూ పెట్టవచ్చు. ముల్లర్ పేరే తీసుకుంటే మాత్రం ఒక జాగ్రత్త. ఆ పేరులో యు మీద రెండు చుక్కలుంటాయి. జర్మన్ పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే రెండు వరుసల్లో ఆ చుక్కలుండవు, యు తర్వాత ఇ చేర్చి రాస్తారు. విమానం టికెట్టు మీద పేరు కొట్టించేటప్పుడు ఆ అడుగు వరుసలో ఉన్నట్టే కొట్టించమని చెప్పండి.