మహేంద్రగిరి మీద ఈ మైక్ వాడితే ఏమైందంటే

నమస్కారమండీ, ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఈ వైర్‌లెస్ మైక్ కంపెనీవాళ్లు ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు. బ్యాటరీ ఎంత, రేంజ్ ఎంత అనేవి మీరు ఈపాటికి చూసే ఉంటారు. నేను ముఖ్యంగా ఒక్క బటన్ గురించి చెప్పాలి: నాయిస్ క్యాన్సిలేషన్, అంటే చుట్టుపక్కల చప్పుడును తీసేసేది.

మా మేనకోడలు డిగ్రీ చదువుతోంది. నలుగురు స్నేహితులు కలిసి మహేంద్రగిరి మీద పది నిమిషాల డాక్యుమెంటరీ తీస్తున్నారు. మన గజపతి జిల్లాలోని కొండే, 1,501 మీటర్ల ఎత్తు. పరశురాముడు ఇంకా అక్కడే తపస్సులో ఉన్నాడని, పాండవులు వనవాసంలో అక్కడికొచ్చారని వింటూ పెరిగినవాళ్లం మనం. పైన భీముడు, కుంతి, ధర్మరాజుల పేర్లతో రాతిగుళ్లున్నాయి. పిల్లల దగ్గర మైక్ లేదంటే ఇది పట్టుకుని నేనూ వెళ్లాను.

భీముడి గుడి దగ్గర సవర గిరిజనుల తాత ఒకాయన కనిపించాడు. "తాతా, ఇంతేసి బండలు ఎవరు పెట్టారు?" అని మా మేనకోడలు అడిగింది. ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. అరచేత్తో బండను రెండుసార్లు తట్టి, అప్పుడు మొదలుపెట్టాడు. తెలుగులో మొదలైన కథ మధ్యలో వాళ్ల సవర భాషలోకి వెళ్లి, మళ్లీ తెలుగులోకి వచ్చింది. నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాం. బండ తట్టిన చప్పుడు లేదు! "భీముడు" అన్నచోట "భీము" దాకానే ఉంది. సవర మాటలైతే నీళ్లలో మునిగి మాట్లాడినట్టున్నాయి. చూస్తే ఆ బటన్ ఆన్‌లో ఉంది. పెట్టెలోంచి తీసినప్పటి నుంచే ఆన్‌లో ఉందట. ఫ్యాన్ కింద, ఏసీ గదిలో ఒకే తీరుగా వచ్చే హోరును అది బాగానే తీసేస్తుంది, కాదనను. కొండగాలి అలా ఉండదు కదా. గాలి పెరిగినప్పుడల్లా మాటను కూడా కోసేసింది. అలా రికార్డయ్యాక ఇక వెనక్కి తేలేం. మా అమ్మాయి ఆ రాత్రి అన్నం తినలేదు.

నా పాత వైర్ మైక్‌కు ఈ బటనే లేదు. పెళ్లిలో సన్నాయి, వంటల దగ్గర గిన్నెలు, అన్నీ వచ్చేవి. ఇలాంటి మైకులే లేని రోజుల్లో గిడుగు రామమూర్తి గారు మన ఊళ్లోనే ఉండి, సవర నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం రాశారు. 1931లో అచ్చయింది. అలాంటి ఊళ్లో సవర మాటను మిషన్ చెత్త కింద తీసిపారేస్తే నాకు కోపం రాదా?

వారం తర్వాత మళ్లీ వెళ్లాం. ఈసారి బటన్ ఆఫ్ చేసి, మైక్‌తో వచ్చిన బొచ్చు తొడుగు తగిలించాం. అది మాత్రం అద్భుతం! మైక్‌ను గాలి నేరుగా కొట్టదు. అయినా గాలి ఉన్నట్టు తెలుస్తుంది, తాత ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది. ఆ తొడుగు కోసమైనా ఈ మైక్ కొనమంటాను. పెట్టెలోంచి తీసిన వెంటనే ఆ బటన్ మాత్రం ఆఫ్ చేయండి.

కథంతా తాత మళ్లీ ఓపిగ్గా చెప్పాడు. బండను మాత్రం తట్టలేదు. అడిగి తట్టించడం మా అమ్మాయికి ఇష్టం లేదు. మొదటిరోజు తీసిన ఆ అరచేయి షాట్‌ను చప్పుడు లేకుండానే సినిమాలో ఉంచింది.