ఏజెన్సీ అన్న మాట ఎక్కడిది?

(పర్లాకిమిడిలో సివిల్స్, ఓసీఎస్ (ఒడిశా సివిల్ సర్వీసెస్) పరీక్షలకు చదువుకుంటున్న తెలుగు పిల్లల ఆదివారం తరగతిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళు ముందుకి రండి బాబూ, ఇక్కడ ఫ్యాను తిరుగుతోంది. కరెంటు పోయిందంటే అప్పుడు అందరం సమానమే.

పోయిన ఆదివారం మీకో ప్రశ్న ఇచ్చాను. కొటియా ఊళ్ళ తగాదా, వంశధార నీళ్ళ తగాదా రెండూ ఒడిశాకీ ఆంధ్రాకీ మధ్యవే, మరి రెండూ చెరో దారిన ఎందుకు నడిచాయి అని. జవాబులు దిద్దుతూ కూర్చున్నాను. ఒక అమ్మాయి 131వ ఆర్టికల్‌ని కామాలతో సహా దింపేసింది. ఒక్క అక్షరం తప్పు లేదు. కానీ కొటియా అన్న మాట ఆ పేజీలో ఎక్కడా లేదు! ఆ పిల్లది పొట్టంగి దగ్గర ఊరు. వాళ్ళ ఊరి సంతకి కొటియా నుంచి మనుషులు వస్తారు. ఇంకో అబ్బాయి రెండు తగాదాల్నీ ఒకే గంపలో వేసి 262వ ఆర్టికల్ కింద ట్రిబ్యునల్‌కి పంపేశాడు. కొండ ఊళ్ళకి నీళ్ళ ట్రిబ్యునల్ ఏం తీర్పు చెబుతుంది నాయనా?

నేను ప్రొఫెసర్ని కాను. రెవెన్యూలో ఉద్యోగం చేసి దిగినవాణ్ణి. పట్టాలూ మ్యాపులూ చూసిన కళ్ళు నావి. కాబట్టి నాకు తెలిసిన పద్ధతిలోనే చెబుతాను. ఆర్టికల్‌ని నెంబరుగా కాకుండా తగువుగా చదవండి. ఎవరు ఎవరి మీద, దేనికోసం, ఎక్కడికి వెళ్ళారు? ఈ నాలుగూ తెలిస్తే నెంబరు దానంతటదే గుర్తుంటుంది.

కొటియా సంగతి చూద్దాం. కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకు అంటుంది ఒడిశా. సాలూరు మండలం అంటుంది ఆంధ్రా. ఇరవై ఒక్క ఊళ్ళ మీద పేచీ. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు సర్వే చెయ్యకుండా వదిలేసిన ఊళ్ళవి. ఊరి పేరే రెండు రకాలు: అటువాళ్ళు పగులుచెన్నూరు అంటే ఇటు రికార్డులో ఫగున్‌సినేరి. రెండు ప్రభుత్వాల రేషన్ కార్డులూ ఉన్న ఇళ్ళున్నాయి అక్కడ. ఇక్కడ పేచీ పడ్డవి రెండు రాష్ట్రాలు. పేచీ 'ఈ నేల మీద నాకు చట్టపరమైన హక్కుందా లేదా' అన్నది. అలాంటిది కింది కోర్టులో మొదలవదు. నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్ళాలి. అదే 131. దావా 1968లో పడింది, యథాతథ స్థితి ఉంచమన్నారు. 2006లో కోర్టు గీత గియ్యకుండానే దావా ముగించింది. 2021లో ఆంధ్రా అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కారం అంటూ మళ్ళీ సుప్రీంకోర్టు మెట్లెక్కింది.

మరి గీత గియ్యగలిగేది ఎవరు? పార్లమెంటు. మూడో ఆర్టికల్. రాష్ట్రం సరిహద్దు మార్చే బిల్లుకి రాష్ట్రపతి సిఫార్సు ఉండాలి, ఆ రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి. అడగాలి అంటే ఒప్పుకోవాలని కాదు. గడువు పెట్టి అడుగుతారు, ఆ గడువు మాట 1955లో ఐదో సవరణతో వచ్చింది. బిల్లు దారిలో మారితే మళ్ళీ అడగనక్కర్లేదని 1959లో బాబూలాల్ పరాతే కేసులో తేలింది. అయితే దేశం నేలని పరాయి దేశానికి ఇవ్వాలంటే మూడో ఆర్టికల్ చాలదు, రాజ్యాంగ సవరణే కావాలి. అది 1960లో, బేరూబారీని పాకిస్తాన్‌కి ఇచ్చే వ్యవహారంలో. రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి కాబట్టి పిల్లలు కలిపేస్తారు, చూసుకోండి.

ఇప్పుడు వంశధార. నదీజలాల తగాదాని సుప్రీంకోర్టు పరిధిలోంచి తప్పించే చట్టం చెయ్యడానికి 262(2) పార్లమెంటుకి అధికారం ఇచ్చింది. 1956 అంతర్రాష్ట్ర నదీజల వివాదాల చట్టం, 11వ సెక్షన్ ఆ పని చేసింది. ఎందుకు తప్పించారు? నీళ్ళ లెక్క ఒకసారి తీర్పు చెప్పి ఫైలు మూసేసేది కాదు. ఎండాకాలం ఎంత, వరదల్లో ఎంత, ముంపు ఎవరిది, కాలవ ఎంత లోతు, ఇవన్నీ ఇంజనీర్లని పక్కన పెట్టుకుని తేల్చాలి. నేరడి దగ్గర ఆంధ్రా బ్యారేజీ కడతానంది, ముంపు మాకొస్తుందని ఒడిశా అడ్డం పడింది. ఇంతవరకూ మీరు రాశారు. మీరు రాయనిది ఇది: 2006లో ఇదే తగాదాలో ఒడిశా సుప్రీంకోర్టుకి వెళ్ళింది! మరి తలుపు మూసేశారన్నాం కదా? ఒడిశా నీళ్ళ వాటా అడగలేదు. 'ట్రిబ్యునల్ వెయ్యమని ఎప్పుడో అడిగాం, కేంద్రం వెయ్యట్లేదు, వేయించండి' అని అడిగింది. 2009లో కోర్టు వెయ్యమంది. 2010లో ట్రిబ్యునల్ వచ్చింది, 2017లో నేరడి బ్యారేజీకి ఒప్పుకుంటూ తీర్పిచ్చింది. పరీక్షలో ఈ ఒక్క ముక్క రాస్తే దిద్దేవాడు కలం ఆపి మీ పేజీని రెండోసారి చూస్తాడు. 2016లో కావేరి కేసులో, ట్రిబ్యునల్ తీర్పు మీద 136వ ఆర్టికల్ కింద, ప్రత్యేక అనుమతితో, అప్పీలు వినొచ్చని సుప్రీంకోర్టు అన్న సంగతి కూడా పక్కన రాస్తే ఇంకా మంచిది.

ఈ గీత అసలు మన ఊరి మధ్యకి ఎలా వచ్చిందో చెప్పాలి. 1903లో మధుసూదన్ దాస్ ఉత్కళ సమ్మిళని అని ఒడియావాళ్ళ సంఘం పెట్టారు. అప్పటికి ఒడియావాళ్ళు బెంగాల్లో కొందరు, మద్రాసులో కొందరు, మధ్య పరగణాల్లో కొందరు. 1924లో ఫిలిప్, డఫ్ అన్న ఇద్దరు అధికారులు గంజాం ప్రాంతాలు తిరిగి జనం మాట విన్నారు. కొత్త రాష్ట్రం సరిహద్దులు తేల్చడానికి 1931లో ఓడొనెల్ కమిటీ వేశారు. అందులో పర్లాకిమిడి మహారాజావారూ ఉన్నారు, ఆంధ్రుల తరఫున సి.వి.ఎస్. నరసింహరాజు గారూ ఉన్నారు. 1933 శ్వేతపత్రంలో జయపురం, పర్లాకిమిడి రెండూ ఒరిస్సాలో లేవు. తర్వాత సంయుక్త పార్లమెంటరీ కమిటీ దగ్గర కథ తిరగబడింది. జయపురం ఎస్టేటు వచ్చింది, మన పర్లాకిమిడి ఎస్టేటులో ఊరూ కొండలూ కొంత పల్లమూ ఇటొచ్చాయి, పెద్ద ముక్క మద్రాసులోనే ఉండిపోయింది. 1935 భారత ప్రభుత్వ చట్టం 289వ సెక్షన్ కింద, 1936 ఏప్రిల్ 1న ఆరు జిల్లాలతో ఒరిస్సా. మరుసటేడు మొదటి ప్రధానమంత్రి మన మహారాజా కృష్ణచంద్ర గజపతి గారే. అప్పట్లో రాష్ట్రంలోనూ ప్రధానమంత్రే అనేవారు, కంగారు పడకండి.

అదే రోజు సింధ్ కూడా బొంబాయి నుంచి విడిపోయింది. కానీ భాష పేరు చెప్పి ఏర్పడిన మొదటి రాష్ట్రం ఏదంటే ఒరిస్సా. స్వాతంత్ర్యం తర్వాత మొదటిది ఏదంటే 1953 అక్టోబర్ 1 నాటి ఆంధ్ర రాష్ట్రం. 'స్వాతంత్ర్యం తర్వాత' అన్న రెండు మాటల్ని ప్రశ్నలో ఎక్కడో మూల దాస్తారు.

గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళోనే రాజావారి బడిలో పంతులుగా చేరారు. ఇక్కడి సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు. మనం మాట్లాడే తెలుగులోనే రాయాలని పోరాడిందీ ఆయనే. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపడం ఆయనకి ససేమిరా ఇష్టం లేదు. కొత్త రాష్ట్రం ఏర్పడిన రోజున ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. అప్పటికి డెబ్బై రెండేళ్ళ మనిషి. మళ్ళీ కాపురానికి ఈ ఊరు రాలేదు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని అవతల దండలు వేస్తారే, ఆయన పుట్టినరోజే అది. ఒడియా మిత్రులకి ఏప్రిల్ 1 పండగ. ఆయనకి ఆ రోజు ప్రయాణం. నేను ఇక్కడే పుట్టాను, ఒడియా బళ్ళో చదివాను, నాకు రెండూ అర్థమవుతాయి.

సరే, ఇవాళ నేను అసలు చెప్పాలని వచ్చిన సంగతికి వస్తాను. మనం రోజుకి పదిసార్లు అంటాం, 'ఏజెన్సీలో ఉద్యోగం', 'ఏజెన్సీ పసుపు', 'ఏజెన్సీ చలి' అని. ఏటిది, గ్యాస్ ఏజెన్సీయా? ఎవరైనా ఆలోచించారా?

1830లలో ఈ కొండల్లో, పర్లాకిమిడిలోనూ ఘుమ్‌సర్‌లోనూ, తిరుగుబాట్లు లేచాయి. మద్రాసు ప్రభుత్వం జార్జి రస్సెల్ అన్న అధికారిని పంపింది. పల్లపు చట్టాలు, పల్లపు కోర్టులు, శిస్తు బాకీకి జమీ వేలం వెయ్యడాలు కొండల్లో నడవవని తేలింది. దాని మీద 1839లో 24వ చట్టం తెచ్చారు. గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాల్ని మామూలు చట్టాల్లోంచి తీసేసి కలెక్టరుకి అప్పగించారు. అక్కడ ఆయన కలెక్టరుగా కాకుండా గవర్నరు గారి ఏజెంటుగా పాలిస్తాడు. ఆ ఏజెంటు చేతికింద ఉన్న నేల ఏజెన్సీ. తెల్లదొర వెళ్ళిపోయాడు, మాట మాత్రం మన నోట్లో ఉండిపోయింది.

ఇప్పుడు ఆ తీగ పట్టుకుని లాగండి. 1874 షెడ్యూల్డ్ జిల్లాల చట్టం. 1919 చట్టంలో 'వెనకబడిన ప్రాంతాలు'. 1935 చట్టం 91, 92 సెక్షన్లలో మినహాయించిన ప్రాంతాలు, పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు. ఆ తర్వాత రాజ్యాంగం 244(1), ఐదో షెడ్యూలు. పేర్లు మారుతూ వచ్చాయి గానీ, మామూలు చట్టం ఇక్కడికి రావాలా వద్దా అని ఒక్కరు నిర్ణయించే పద్ధతి 1839 నాటిదే. ఐదో షెడ్యూలు ఐదో పేరా తీసి చదవండి: పార్లమెంటు చేసిన చట్టం గానీ, శాసనసభ చేసింది గానీ, షెడ్యూల్డ్ ప్రాంతానికి వర్తించదని గవర్నరు నోటిఫికేషన్ ఇవ్వొచ్చు. భూమి బదిలీ మీద రెగ్యులేషన్లు చెయ్యొచ్చు. తేడా ఏమిటంటే, అప్పుడు పాలకుడి సుఖం కోసం, ఇప్పుడు కొండవాడి భూమి కోసం. పైగా ఇప్పుడు రెగ్యులేషన్ చెయ్యాలంటే గిరిజన సలహా మండలిని అడగాలి, రాష్ట్రపతి ఆమోదం ఉండాలి.

మన జిల్లాలోనే గమ్మత్తు చూడండి. పర్లాకిమిడి పట్నం షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. పక్కనున్న గుమ్మా బ్లాకు షెడ్యూల్డ్ ప్రాంతం. రాయగడ బ్లాకు కూడా. జాగ్రత్త, ఇది మన గజపతి జిల్లాలోని రాయగడ బ్లాకు. రాయగడ జిల్లా వేరు, అది పాత కోరాపుట్‌లోంచి 1992లో వచ్చింది, అది మొత్తంగా షెడ్యూల్డ్ ప్రాంతమే. ఈ రెండు రాయగడల మధ్య నా ఉద్యోగంలో ఎన్ని టపాలు దారి తప్పాయో లెక్కలేదు.

ఒకసారి పల్లపు పెద్దమనిషి ఒకాయన కాగితాల సంచీతో వచ్చాడు. గుమ్మా వైపు సవర రైతు దగ్గర జీడితోట కొన్నానన్నాడు. స్టాంపు కాగితం మీద రాసుకున్నారు, సాక్షుల సంతకాలున్నాయి, రైతు వేలిముద్ర నల్లగా, నిండుగా, గీతలన్నీ కనిపించేంత బాగా పడింది. 'అంతా పక్కాగా ఉంది, మ్యుటేషన్ చెయ్యండి, రికార్డులో నా పేరెక్కించండి' అంటాడు. ఒడిశాలో 1956 నాటి 2వ రెగ్యులేషన్ ఉంది బాబూ, ఆ కాగితం చెల్లదు, తోట తిరిగి రైతుకే ఇప్పిస్తారు అంటే నమ్మడు. 'రిజిస్ట్రేషన్ చేయిస్తాను' అంటాడు. 2002 సవరణ తర్వాత అధికారి అనుమతితో గిరిజనేతరుడికి అమ్ముకునే దారి కూడా మూసుకుపోయింది. పాపం, ఆయన డబ్బు పోయింది. పాపం అని ఎందుకన్నానో నాకే తెలీదు, తోట ఎంతకి కొన్నాడో వింటే మీరు అనరు.

అవతల ఆంధ్రాలో 1959 రెగ్యులేషన్, దాన్ని 1970 నాటి ఒకటో రెగ్యులేషన్ సవరించింది. అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. అది ఇంకా గట్టిది: ఏజెన్సీలో ఒక గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా అమ్మకూడదు. మన రెగ్యులేషన్‌లో ఆ మాట లేదు. ఒకే ఐదో షెడ్యూలు, పక్కపక్క కొండలు, ఇద్దరు గవర్నర్లు, రెండు రెగ్యులేషన్లు. పోల్చి రాయమంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. 1997 సమతా తీర్పు ఆంధ్రా వైపుది, ప్రైవేటు కంపెనీకి గనుల లీజు గురించి. 2013 నియమగిరి తీర్పు మన వైపుది, కొండ మీద బాక్సైట్ గని గురించి. పన్నెండు పల్లీసభలు, అంటే ఊరి సభలు, పెడితే పన్నెండూ వద్దన్నాయి, అందులో ఏడు రాయగడ జిల్లావి. వివరాలు వచ్చే నెల.

ఇంకొక్కటి, మీ అందరికీ తగిలేది. మనవాడొకడు నది అవతల, ఆంధ్రాలో, ఒక ఆఫీసులో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. కౌంటర్లో గుమస్తా ఫారం మీద ఎర్ర సిరాతో 'నాన్‌లోకల్' అని రాసి తిరిగిచ్చాడు. కుర్రాడు ఆ ఫారం పట్టుకుని నా దగ్గరికొచ్చి, 'మాస్టారూ, మా అమ్మమ్మ ఇల్లు పాతపట్నం, ఇంట్లో మాట్లాడేది తెలుగు, నేను నాన్‌లోకల్ ఎలా అయ్యాను?' అన్నాడు. బాధ న్యాయమే. కానీ అక్కడి ఉద్యోగాల్లో స్థానికుల సంగతి చూసే 371డి ఆర్టికల్ భాష అడగదు. దాని కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు నాలుగేళ్ళు వరసగా ఎక్కడ చదివావు, ఎక్కడ ఉన్నావు అని అడుగుతుంది. నివాసం షరతు పెట్టే అధికారం 16(3) ప్రకారం పార్లమెంటుది. ఆ కింద చేసిన 1957 చట్టంలో తెలంగాణ ఉద్యోగాలకి సంబంధించిన ముక్కని 1969లో సుప్రీంకోర్టు కొట్టేసింది. గొడవలు జరిగాయి, ఆరు సూత్రాలొచ్చాయి, చట్టంతో పని కాదని 1973లో 32వ సవరణతో ఏకంగా రాజ్యాంగంలోనే పెట్టారు.

అదే కుర్రాడు నది ఇటు వస్తే భాషా అల్పసంఖ్యాకుడు. 2002లో టి.ఎం.ఏ. పాయ్ కేసులో పదకొండు మంది జడ్జీలు చెప్పారు: అల్పసంఖ్యాకులెవరో రాష్ట్రాన్ని బట్టి లెక్కెయ్యాలి. కాబట్టి ఇక్కడ మనకి సొంత విద్యాసంస్థలు పెట్టుకునే హక్కిచ్చే 30వ ఆర్టికల్ ఉంది, 1956లో ఏడో సవరణతో వచ్చిన 350ఎ ఉంది. పిల్లలకి ప్రాథమిక స్థాయిలో అమ్మ భాషలో చదువు చెప్పే ఏర్పాటుకి ప్రయత్నించాలని రాష్ట్రానికి చెప్పిన మాట అది. ప్రయత్నించాలి అన్న క్రియని గమనించండి. యూపీఎస్సీ అర్హత పేపరు తెలుగులో రాసుకోవచ్చు. ఓసీఎస్‌కి ఒడియా తప్పదు, దాన్ని నిర్లక్ష్యం చెయ్యకండి, నా మాట వినండి.

టైమైపోయింది, టీ వచ్చేసింది. వచ్చే ఆదివారానికి ప్రశ్న రాసుకోండి. గుమ్మాలో తోట, అమ్మేవాడు సవర రైతు, కొనేవాడు పాతపట్నం వ్యాపారి, కాగితం రాసింది పాతపట్నంలో. ఏ రాష్ట్రం రెగ్యులేషన్ వర్తిస్తుంది, ఎందుకు? నూట యాభై మాటలు, ఏడు నిమిషాలు. తెలుగులో రాసినా దిద్దుతాను, ఒడియాలో రాసినా దిద్దుతాను. పొట్టంగి అమ్మాయి, నువ్వు మాత్రం కొటియా జవాబు మళ్ళీ రాసుకురా తల్లీ, ఈసారి సంతకొచ్చేవాళ్ళని అడిగి.