స్క్రీన్ మీద 30, కింద నేల 230: కొండల్లో డ్రోన్ ఎత్తు లెక్కలు

హోస్ట్: అన్నా, వానలు తగ్గంగనే హైదరాబాద్ నుంచి డ్రోన్ బ్యాగులన్నీ వికారాబాద్ అనంతగిరి దిక్కు, అరకు దిక్కు బయల్దేరుతయి. అందరూ అడిగేది ఒకటే: డ్రోన్‌కు ఎత్తు హద్దు 120 మీటర్లు కదా, కొండల్లో అది ఎక్కడి నుంచి లెక్క?

ట్రైనర్: రూల్‌ది ఒక లెక్క, డ్రోన్‌ది ఇంకో లెక్క. 2021 డ్రోన్ రూల్స్‌లో గ్రీన్ జోన్, అంటే ముందుగా అనుమతి లేకుండా ఎగరేసుకునే జాగా, నేల నుంచి నిలువుగా 400 అడుగులు, అంటే 120 మీటర్లు. డ్రోన్ కింద ఏ నేల ఉంటే ఆ నేల నుంచి. స్క్రీన్ మీద హెచ్ పక్కన కనబడే అంకె మాత్రం టేకాఫ్ అయిన చోటు నుంచి. డ్రోన్‌లో గాలి ఒత్తిడి కొలిచే బారోమీటర్ అక్కడ సున్నా పెట్టుకుని, గాలి ఒత్తిడి ఎంత తగ్గితే అంత ఎత్తు చూపిస్తది. కింద కొండుందా లోయుందా దానికి పట్టదు.

హోస్ట్: మరి కింద సెన్సర్లు ఉంటయి కదా?

ట్రైనర్: అవి ల్యాండింగ్ కోసం. చిన్న డ్రోన్లలో పది పదిహేను మీటర్లు దాటితే వాటిని నమ్ముకోవద్దు.

హోస్ట్: సరే, వ్యూపాయింట్ అంచున నిలబడి ఎగరేస్తున్నమనుకుందాం.

ట్రైనర్: అంచు మీద 30 మీటర్లు లేపి ముందుకు పోనిచ్చినవ్. లోయ 200 మీటర్ల లోతు. స్క్రీన్ మీద 30 ఉంది, నేల నుంచి 230 అయింది. అది ఎల్లో జోన్, అక్కడ ఏటీసీ, అంటే విమానాల రాకపోకలు చూసే కంట్రోల్ వాళ్ల అనుమతి కావాలె. యాప్ ఒక్క మాట అనదు. యూరప్‌లో 120 మీటర్లను నేల ఉపరితలంలో అతి దగ్గరి బిందువు నుంచి కొలుస్తరు, కొండ పక్క గోడ నుంచైనా సరే. ఆ వీడియోలు చూసి ఇక్కడ అదే లెక్క వేస్తే తప్పవుతది.

హోస్ట్: దీనికి ఉల్టా కేసు కూడా ఉంటది. కొండ కింద నిలబడి పైకి పోనిస్తే సగంలో ఆగిపోతది.

ట్రైనర్: కొండ 180 మీటర్లు, యాప్‌లో లిమిట్ 120. వాలు వెంట నేలకు 40 మీటర్ల పైనే ఎక్కుతున్నా, టేకాఫ్ నుంచి 120 కాగానే డ్రోన్ మొండికేస్తది. లిమిట్ 230కి పెంచొచ్చు. డీజేఐ కంపెనీ డ్రోన్ల యాప్‌లో 500 దాకా ఒప్పుకుంటది. కానీ శిఖరం మీద 220లో ఉన్న డ్రోన్‌ను అదే ఎత్తులో మైదానం మీదికి తెచ్చినవంటే నేల నుంచి 220. ఎక్కినట్టే వాలు వెంటే దించాలె. నన్నడిగితే నడిచి సగం కొండ ఎక్కి టేకాఫ్ అవడమే మేలు. అప్పుడు శిఖరం నీకన్నా 90 మీటర్లు పైన ఉంటది, 120 లిమిట్‌తోనే దాని మీద 30 మీటర్లు మిగుల్తయి. కింది పొలాలు నీకన్నా 90 కింద ఉంటయి కాబట్టి వాటి మీద మాత్రం స్క్రీన్ 30 దాటొద్దు. అంకె మైనస్‌లోకి పోతే గాబరా పడకు, టేకాఫ్ చోటు కన్నా కిందున్నదని అర్థం.

హోస్ట్: కొండల్లో డ్రోన్లు ఎక్కువగా పోయేది రిటర్న్ టు హోమ్‌లోనే, అంటే డ్రోన్ తనంతట తానే వెనక్కొచ్చే ఆర్‌టీహెచ్‌లోనే అంటరు.

ట్రైనర్: ఎందుకో చూడు. డ్రోన్ గుట్ట వెనక్కి పోతే సిగ్నల్ తెగుతది. తెగితే ఆర్‌టీహెచ్ మొదలైతది. అంటే గుట్ట నీకూ డ్రోన్‌కూ మధ్యలో ఉన్నప్పుడే అది తిరుగుప్రయాణం కడ్తది. ఆర్‌టీహెచ్ ఎత్తు 100, గుట్ట 140 అయితే నేరుగా వచ్చి రాయికి కొట్టుకుంటది. ముందున్న సెన్సర్లు కాపాడొచ్చు, కానీ మసక వెలుతురులో, సన్న కొమ్మల దగ్గర వాటికి కనబడదు. కాబట్టి ఇంట్లనే గూగుల్ ఎర్త్‌లో ఆ దారిలో అన్నిటికన్నా ఎత్తైన చోటు చూసుకో. అందులోంచి టేకాఫ్ ఎత్తు తీసెయ్, చెట్లకు 20, మార్జిన్‌కు 30 కలుపు. 140 గుట్టకు 190 పెట్టాలె. యాప్‌లో గరిష్ఠ ఎత్తు 120 దగ్గరే వదిలేస్తే ఈ 190 పనికిరాదు, అది కూడా పెంచాలె. ఇది చాలామంది మర్చిపోతరు.

హోస్ట్: ముందే మ్యాప్‌లో పాయింట్లు పెట్టి దానంతట అదే ఎగిరే వేపాయింట్ మిషన్లకు?

ట్రైనర్: లిచీ యాప్‌లో నేల నుంచి ఎత్తు పెట్టే ఆప్షన్ ఉంది, ఆర్డూపైలట్ సాఫ్ట్‌వేర్‌లో నేల ఎత్తుపల్లాలను బట్టి ఎగిరే టెరైన్ ఫాలోయింగ్ ఉంది. ఇట్లాంటివి తరచూ వాడే ఎస్‌ఆర్‌టీఎం అనే నేల ఎత్తుల మ్యాప్‌లో 30 మీటర్లకు ఒక అంకె ఉంటది. నిట్టనిలువు కొండచరియ దాంట్లో వాలులాగా నున్నగా కనబడ్తది. నేలకు కనీసం 60 మీటర్లు ఉంచు. రెండు పాయింట్ల మధ్య డ్రోన్ సరళ రేఖలో పోతది కాబట్టి మధ్యలో గుట్ట ఉంటే దానికి తెలియకపోవచ్చు. పాయింట్లు 30, 40 మీటర్లకొకటి పెట్టు. ఇంకోటి, భూమిని నున్నటి గోళంలాంటి ఆకారం అనుకుని జీపీఎస్ లెక్కేసే ఎలిప్సాయిడ్ ఎత్తునూ సముద్రమట్టం ఎత్తునూ కలపొద్దు. హైదరాబాద్ చుట్టుపక్కల ఆ రెండింటికీ 70 మీటర్లకు పైనే తేడా. యాప్‌లో ఎత్తు రకం ఒక్కటి తప్పు ఎంచితే చాలు, అంత తేడా వచ్చేస్తది.

హోస్ట్: స్పితీ, లద్దాఖ్ పోయేటోళ్ల సంగతి?

ట్రైనర్: అక్కడ ఇంకో సీలింగ్, అంటే ఎత్తు హద్దు ఉంది. అది సముద్రమట్టం నుంచి, యంత్రానికి సంబంధించింది. డీజేఐ మినీ 4 ప్రోకు మామూలు బ్యాటరీతో 4,000 మీటర్లు, ప్లస్ బ్యాటరీతో 3,000. బరువు పెరిగితే సీలింగ్ తగ్గుతది. మావిక్ 3కి 6,000. 4,000 మీటర్ల దగ్గర గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే, అందుకే గాలిలో ఒక్క చోట నిలబడే హోవర్‌కే మోటార్లు 20 శాతానికి పైగా ఎక్కువ తిరగాలె. గాలి తోస్తే ఎదిరించే దమ్ము మిగలదు. కొండకు గాలి తగలని వెనక వైపు సుడులు, కిందికి తోసే గాలి ఉంటయి, అటు పోకు.

హోస్ట్: బ్యాటరీ?

ట్రైనర్: చలికి సెల్ వోల్టేజ్ ఒక్కసారిగా పడిపోతది. జేబులో పెట్టుకుని వెచ్చగా ఉంచి, 20 డిగ్రీలు దాటినంక లేపు. మొదటి నిమిషం హోవర్‌లోనే ఉంచు. 40 శాతానికే మళ్లించు, ఎందుకంటే లోయలోంచి 200 మీటర్లు పైకి రావాలంటే సెకనుకు 5 మీటర్ల లెక్కన 40 సెకన్లు ఫుల్ పవర్. దించేటప్పుడు నిలువుగా దబదబా దించితే తన ప్రొపెల్లర్ గాలిలోనే అది కూలబడ్తది. ముందుకు కదుపుతూ, సెకనుకు 2 మీటర్లతో దించు.

హోస్ట్: నల్లమల సంగతి ఒక్క ముక్క చెప్పన్నా.

ట్రైనర్: తెలంగాణ వైపు నల్లమల అంటే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. డ్రోన్ జోన్లు చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో రంగు ఏదైనా, అటవీ శాఖ అనుమతి వేరుగా తెచ్చుకోవాలె. అది చేతిలో లేకుంటే డ్రోన్ బ్యాగ్‌లోంచి తియ్యకు.