జవాబు చాలు, పేరెందుకు?

పెద్దలకు నమస్కారం. గాజువాక నుంచి, యూనివర్సిటీ నుంచి ద్వారకానగర్ దాకా వచ్చిన పిల్లలకు మరీ మరీ నమస్కారం.

ఆన్‌లైన్ సర్వే సైట్లలో చేరి పాయింట్లు సంపాదించేవాళ్లు ఈ హాల్లోనే ఉంటారు. తప్పేమీ లేదు. సబ్బు కంపెనీకి మీ అభిప్రాయం కావాలి, మీకు గిఫ్ట్ వోచర్ కావాలి. ఆ బేరం న్యాయమైనదే. అభిప్రాయంతో పాటు మీ గురించి ఏమేం వెళ్తున్నాయి, అవి ఎవరి దగ్గర ఎన్నాళ్లు ఉంటాయి, ఇదీ ఇవాళ నేను మాట్లాడదలుచుకున్నది.

చేరేటప్పుడు ఈమెయిల్, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ, పిన్‌కోడ్ అడుగుతారు. ఆ తర్వాత ప్రొఫైల్ నింపమంటారు: జీతమెంత, ఇంట్లో ఎందరు, బండి ఉందా, షుగరు బీపీ ఉన్నాయా. మీరు టైపు చేయనివి కూడా చేరతాయి. ఐపీ అడ్రసు, అంటే ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్ నంబరు, ఫోన్ మోడల్, కుకీలు, అంటే మిమ్మల్ని గుర్తుపట్టడానికి సైటు మీ ఫోన్లో దాచే చిన్న ఫైళ్లు. ఒకే మనిషి పది పేర్లతో చేరి పాయింట్లు కొట్టేయకుండా పట్టుకోవడానికి ఇవి పనికొస్తాయి, ఆ కారణం నిజమే. ఇక లింకు నొక్కితే చాలాసార్లు మీరు వేరే కంపెనీ పేజీలోకి వెళ్లిపోతారు. అక్కడ ఏడెనిమిది ప్రశ్నలకు జవాబు చెప్పాక ‘ఈ సర్వేకి మీరు అర్హులు కారు’ అని వస్తుంది. పాయింట్లు రావు. మరి ఆ ఏడెనిమిది జవాబులు ఏమయ్యాయి? చెరిపేశారా, ఉంచుకున్నారా? ప్రైవసీ పాలసీలో నేను ముందు వెతికేది ఆ వాక్యమే. అది లేకపోతే ఆ సైటులో చేరను.

పద్ధతిగా నడిచే సర్వే సంస్థ, జవాబు చెప్పినవాళ్ల పేర్లను ఒకచోట, జవాబులను ఇంకోచోట పెడుతుంది. సబ్బు కంపెనీకి చేరేది ఒక నంబరు, దాని పక్కన జవాబులు, అంతే. ఈ మార్కెట్ పరిశోధన వృత్తికి ఎసోమార్ అనే అంతర్జాతీయ సంస్థ 1948 నుంచీ నియమావళి నడుపుతోంది. పరిశోధన కోసమని తీసుకున్న వివరాలతో ఆ మనిషికే సరుకు అమ్మబోకూడదన్నది అందులో ముఖ్యమైన కట్టుబాటు. జగదాంబ దగ్గర ఏదో షాపులో లక్కీ డ్రా కూపన్ నింపితే వారం తిరక్కుండా ‘భోగాపురం దగ్గర వెంచర్ వేశాం సార్’ అని ఫోన్ వస్తుంది చూడండి, అది సర్వే కాదు. ప్రశ్నలు అడిగినంత మాత్రాన సర్వే అయిపోదు.

పేరు తీసేస్తే సరిపోతుందా? సరిపోదు. జిప్ కోడ్ (అమెరికా వాళ్ల పిన్‌కోడ్), పుట్టిన తేదీ, ఆడా మగా, ఈ మూడూ తెలిస్తే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టవచ్చని 1990 జనాభా లెక్కల ఆధారంగా కంప్యూటర్ శాస్త్రవేత్త లటాన్యా స్వీనీ లెక్కగట్టారు. మన పిన్‌కోడ్ పరిధి పెద్దదే. కాని ఎంవీపీ కాలనీలో ఉంటూ, ఫలానా తేదీన పుట్టి, షిప్‌యార్డులో పనిచేస్తున్న ముగ్గురు పిల్లల తల్లి అని చెప్తే ఎంతమంది ఉంటారు?

‘మన దగ్గర దాచుకునేదేముంది’ అంటారు చాలామంది. ఫేస్‌బుక్ వాడేవాళ్ల వివరాలు కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ ప్రచార సలహా సంస్థకు చేరిన వ్యవహారం 2018లో బయటపడింది. దాని మూలం ఒక సర్వే యాప్: మీ వ్యక్తిత్వం ఎలాంటిదో చెప్తామంటూ వేసిన ప్రశ్నలు. ఫేస్‌బుక్ చెప్పిన లెక్క ప్రకారం మన దేశంలో ఆ యాప్‌ను పెట్టుకున్నవాళ్లు 335 మంది. వివరాలు బయటికి పోయి ఉండవచ్చన్నది సుమారు 5 లక్షల 62 వేల మందివి. అంటే దాదాపు అన్నీ ఫేస్‌బుక్‌లో వాళ్ల స్నేహితులవి. జవాబు చెప్పింది ఒకరు, పోయింది ఏ ప్రశ్నకీ జవాబు చెప్పని వాళ్లది. అందుకే ఇది నా ఇష్టం, నా డేటా అని ఊరుకోలేం.

ఈ జబ్బుకి మందు గణాంక శాస్త్రంలోనే ఉంది. 1965లో స్టాన్లీ వార్నర్ అనే పరిశోధకుడు ఒక ఉపాయం చూపించాడు. దాని సులువైన రూపం చెప్తాను, పిల్లలు కాస్త జాగ్రత్తగా వినండి. ‘నువ్వెప్పుడైనా గంజాయి తాగావా?’ అని వెయ్యిమంది విద్యార్థులను అడగాలి. నేరుగా అడిగితే నిజం ఎవరు చెప్తారు? అందుకని ఒక్కొక్కరినీ చాటుగా నాణెం ఎగరేయమంటాం. బొమ్మ పడితే నిజం రాయాలి. బొరుసు పడితే మళ్లీ ఎగరేసి, ఈసారి బొమ్మయితే ‘అవును’, బొరుసయితే ‘కాదు’ అని రాసేయాలి. 350 ‘అవును’లు వచ్చాయనుకోండి. అందులో దాదాపు 250 నాణెం రాయించినవి. మిగిలిన 100, నిజం రాసిన 500 మందిలోవి. అంటే 20 శాతం. సమస్య ఎంత పెద్దదో కాలేజీకి తెలిసింది. ఏ ఒక్క కుర్రాణ్నీ ‘నువ్వు అవును అన్నావు కదా’ అని నిలదీయడానికి మాత్రం లేదు, ఆ మాట నాణెం చెప్పి ఉండొచ్చు. ఈ ఆలోచన పెరిగి పెరిగి ఇవాళ డిఫరెన్షియల్ ప్రైవసీ, అంటే లెక్కల్లో కావాలని కొంచెం తేడా కలిపి మనుషుల్ని దాచే పద్ధతి అయింది, 2020 అమెరికా జనాభా లెక్కల ఫలితాల్లో దాన్నే వాడారు. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు చదువుకున్న ఆంధ్ర విశ్వవిద్యాలయం మన విశాఖలోనే ఉంది. ఇలాంటి పద్ధతులు పరీక్ష పేపరు దాటి ఇక్కడి సర్వేల్లోకి రావాలని నాకు గట్టిగా ఉంది.

చట్టం సంగతి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి. సంస్థలు పాటించాల్సిన ముఖ్యమైన సెక్షన్లకు 18 నెలల గడువిచ్చారు. ఆ గడువు ఎక్కువే అని నా అభిప్రాయం. చట్టంలో మీకు పనికొచ్చేవి: చెప్పిన పనికి అవసరమైనంత డేటాకే సమ్మతి వర్తిస్తుంది. సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంతే తేలిక కావాలి. ఆ నోటీసును తెలుగులో చదువుకునే అవకాశం ఇవ్వాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. ఇక ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ చెప్పమని గాని, ‘ముందు కొంత కట్టండి’ అని గాని అడిగితే అది మోసం. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

చివరగా ప్రాజెక్టు కోసం గూగుల్ ఫారం తయారుచేసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పే పిల్లలకు. చట్టం సంగతి ఎలా ఉన్నా, అప్పుడు డేటా కాపాడాల్సింది మీరే. ఫోన్ నంబరు గడి తీసేయండి. ఈమెయిల్ సేకరించే సెట్టింగు ఆపేయండి. పుట్టిన తేదీ బదులు ‘18 నుంచి 25’ అని వయసు వరస పెట్టండి. జవాబుల షీటు లింకు ఎవరెవరి దగ్గరుందో ఇవాళే చూసుకోండి. ఆ షీటును ఏ తేదీన చెరిపేస్తారో ఫారం మొదటి పేరాలోనే రాయండి, ఆ తేదీకి చెరిపేయండి. మీ ప్రశ్నలుంటే అడగండి, ఇక్కడే ఉంటాను.