కరెంటు పోయేదాకా ఆగొద్దు, మెయిన్ మనమే దించి చూద్దాం

(నెల్లూరులో నెట్ సెంటర్లు, బిల్లింగ్ షాపులు నడిపేవాళ్ళ మీటింగ్‌లో మాట్లాడింది)

అందరికీ నమస్కారం. టేబుల్ మీద ఈ చెక్క, రెండు హోల్డర్లు, రెండు వంద వాట్ల బల్బులు చూసి ఇదేందబ్బా పెళ్ళి లైటింగా అని ఇందాక ఒకన్న అడిగినాడు. కాదన్నా, చివర్లో వెలిగిస్తా.

కరెంటు పోతే సిస్టమ్‌ని బ్యాటరీ మీద కాసేపు నడిపే డబ్బా, అదే యూపీఎస్, అది లేని షాపు ఇక్కడ ఉండదు. కరెంటు బాగా ఉన్నప్పుడు కావాలని మెయిన్ దించి చూసినోళ్ళు ఎంతమంది, చేతులెత్తండి... రెండు, మూడు. సరే, మిగతావాళ్ళకి టెస్టు పెట్టేది తుఫాను. 2023 డిసెంబరులో మిచాంగ్ వచ్చినప్పుడు మనలో చాలామందికి ఆ టెస్టు అయిపోయింది గదా. క్రిష్ణపట్నం పక్కనే 2400 మెగావాట్ల థర్మల్ ప్లాంటు ఉందంటే ఉంది, మన వీధిలో వేపకొమ్మ తీగ మీద పడితే పాపం అదేం చేస్తది.

నా తప్పు ముందు చెప్తా. సర్వీసు మొదలుపెట్టిన కొత్తలో ఒక రక్తపరీక్షల ల్యాబుకి యూపీఎస్ పెట్టి, టెస్టు చేస్తున్నానని దానికి ఫోన్ చార్జర్ ఒక్కటి తగిలించి ప్లగ్గు పీకినా, గంట దాటినా చక్కగా నడస్తా ఉంది, గంట బ్యాకప్ వస్తదన్నా అని చెప్పి డబ్బులు తీసుకొని వచ్చేసినా. రెండేళ్ళకి రోహిణి కార్తెలో కరెంటు పోతే కీమని ఒక్క కూత కూసి అన్నీ ఆరిపోయినయ్యంట, పొద్దున్నుంచి ఎక్కించిన రిపోర్టులు పోయినయ్. పోయి తెరిచి చూస్తే బ్యాటరీ ఉబ్బి లోపల ఇరుక్కోనుంది, డబ్బా వంచితే గానీ బయటికి రాలా. అప్పటిదాకా ముందర పచ్చలైటు వెలగతానే ఉంది మరి! ఆ పచ్చలైటు గోడలో కరెంటుందని చెప్తది, అంతే. మీటరు పెట్టి చూసినా చార్జింగులో ఉంటే పదమూడున్నర వోల్టులు చూపిస్తది, లోడు, అంటే వాడకం బరువు, పడితేనే దాని బండారం బయటపడేది.

ఎండ సంగతి కూడా ఇందులోదే. ఈ బ్యాటరీల ఆయుష్షు 25 డిగ్రీల చల్లదనానికి కట్టిన లెక్క, పది డిగ్రీలు పెరిగితే సగమైపోద్దని మా పనిలో మోటు లెక్క. మీరేమో దాన్ని టేబుల్ కింద, కాళ్ళ దగ్గర, అట్టపెట్టెల వెనకాల తోస్తారు.

ఇంకోటి, 600 వీఏ అని సైజు రాసుండే చిన్న యూపీఎస్ డబ్బాలో ఉండేది 12 వోల్టుల 7 ఏహెచ్, అంటే 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. గుణిస్తే 84 వాట్ అవర్లు, రెండొందల వాట్లకి పాతిక నిమిషాలు రావాలి అని కాగితం మీద అనిపిస్తది. రాదు. ఆ 7 అనేది 20 గంటలు నిదానంగా తాగితే వచ్చే లెక్క, గబగబా తాగితే కొత్తదైనా సగం పైచిలుకు వస్తే గొప్ప. అందుకే నిజంగా లోడు పెట్టి చూసేదానికి ఈ బల్బులు, రెండూ కలిపి రెండొందల వాట్లు. సిస్టమ్ పెట్టి టెస్టు చేస్తే హార్డ్‌డిస్కు పోద్దేమోనని భయం, బల్బు ఆరిపోతే పోయేదేం లేదు. ఫిలమెంటు బల్బులు ఇప్పుడు షాపుల్లో దొరకడం కష్టం, కోళ్ళఫారాల వాళ్ళనడగండి.

ప్లగ్గు పీకడం మాత్రం మానేయండి, నేను చేసిన తప్పే అది కూడా. ప్లగ్గు పీకితే ఎర్తు కూడా పోద్ది, బాడీ ముట్టుకుంటే జివ్వుమంటది. నిజంగా కరెంటు పోయినప్పుడు ఎర్తు యాడికీ పోదు గదా, కాబట్టి గోడ బోర్డులో ఉండే ఎంసీబీ, అదే దించి ఎత్తే స్విచ్చి, అది దించండి. అది దించితే ఇంకో లాభం, గదిలో యూపీఎస్ మీద లేనివన్నీ చచ్చిపోయి కనపడతయ్. ఒక ఆఫీసులో సర్వర్ తనంతట తాను ఆగేట్టు, మిగతా సిస్టమ్‌లకి కూడా ఆగండని కబురు పంపేట్టు నట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టినా, అంతా బాగుంది, ఎంసీబీ దించితే ఒక్క సిస్టమ్ కూడా ఆగలా. చూస్తే సిస్టమ్‌లన్నిటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్ డబ్బా మామూలు గోడ ప్లగ్గులో ఉంది, అది చస్తే కబురెట్ట పోద్ది?

మన ఊళ్ళో కరెంటు ఒక్కసారిగా పోదు. లైన్‌మేన్ ఫ్యూజు వేస్తాడు, టప్పుమంటది, మళ్ళీ వేస్తాడు. కాబట్టి మీరు కూడా దించి, రెండు సెకన్లకి ఎత్తి, మళ్ళీ దించండి. మామూలు యూపీఎస్ బ్యాటరీ మీదకి మారేదానికి పది మిల్లీసెకన్ల దాకా పడతది, సిస్టమ్ లోపల కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ డబ్బా పాతదైతే ఆ కాసేపు కూడా ఓర్చుకోలేక రీస్టార్ట్ అవుతది. దానికి యూపీఎస్‌ని తిట్టి లాభం లేదు.

అన్నిట్లోకి జనం టెస్టు చేయకుండా వదిలేసేది కరెంటు తిరిగొచ్చేటప్పటి సంగతి. సిస్టమ్ షట్‌డౌన్ అవుతా ఉండగా కరెంటు వచ్చేసిందనుకోండి, యూపీఎస్ అవుట్‌పుట్ ఆగనేలేదు, ఇక సిస్టమ్‌కి కరెంటు పోయి వచ్చినట్టే తెలీదు, అట్నే ఆగిపోయి కూర్చుంటది, ఎవరో వచ్చి బటన్ నొక్కాలి. బయోస్‌లో, అంటే సిస్టమ్ లోపలి మొదటి సెట్టింగుల్లో, కరెంటు రాగానే ఆన్ అవ్వమని పెట్టినా సరే, ఈ మధ్యలో ఇరుక్కుపోతది. షట్‌డౌన్ అయినాక యూపీఎస్ ఒకసారి అవుట్‌పుట్ ఆపి మళ్ళీ ఇచ్చేట్టు సెట్ చేసుకోవాలి. అది పనిచేస్తదా లేదా తెలియాలంటే షట్‌డౌన్ మధ్యలోనే ఎంసీబీ ఎత్తి చూడాలి, ఇంకో దారి లేదు.

మూడు నెలలకోసారి చాలు. రోజూ ఖాళీ చేస్తే లెడ్ యాసిడ్ బ్యాటరీ మీ టెస్టుతోనే పోద్ది. బిల్లు సగంలో ఉండగా చేయొద్దు, బ్యాకప్ తీసుకొని చేయండి.

సరే, ఈ హాలు వాళ్ళ యూపీఎస్‌కి బల్బులు తగిలిస్తున్నా. వాళ్ళు ఇరవై నిమిషాలు వస్తదన్నారు. తలుపు దగ్గరున్న తమ్ముడూ, ఎడమపక్క మూడో ఎంసీబీ, ఆ... అదే. మైకు కూడా పోద్ది, గట్టిగా మాట్లాడతా. ఎవరన్నా ఫోన్‌లో టైము పెట్టండి. దించెయ్!