డిగ్రీ షో కేటలాగు రివ్యూ: ఇతివృత్తం ఏ పేజీలో ఉంది?

నమస్కారం. ఫైన్ ఆర్ట్స్ చివరి సంవత్సరం విద్యార్థులు చదువు ముగింపులో తమ పనులను ప్రదర్శించే డిగ్రీ షోకు వేసిన కేటలాగు ఇది. నిర్వాహకులే నాకు ఉచితంగా పంపించారు, అభిప్రాయం విషయంలో ఏ షరతూ పెట్టలేదు. పేజీల సంఖ్య, కాగితం, పేర్ల జాబితా జోలికి వెళ్లను. ముద్రణ చక్కగా ఉంది. నన్ను బాధించినది ప్రతి బొమ్మ కింద ఉండవలసిన ఒక చిన్న వరుస: మాధ్యమం (పనిని ఏ పదార్థంతో చేశారు), కొలతలు.

ప్రతి విద్యార్థికీ ఎడమ పేజీ నిండా స్టేట్‌మెంట్ (తన పని గురించి తానే రాసుకున్న వివరణ), కుడి పేజీలో ఒక ఫొటో ఇచ్చారు. స్టేట్‌మెంట్లలో స్మృతి, దేహం, స్థానభ్రంశం, అస్తిత్వం మళ్లీ మళ్లీ వస్తాయి. వాటిమీద నాకు ఫిర్యాదు లేదు. చదువు కోసం ఇల్లు వదిలి, తన శరీరాన్నీ తన కుటుంబాన్నీ మొదటిసారి దూరం నుంచి చూస్తున్న వయసులో మనసు సహజంగానే అటు పోతుంది. అయితే ఒకే ఇతివృత్తాన్ని ఎంచుకున్న ఇద్దరిని వేరుచేసేది వారు ఏ పదార్థాన్ని పట్టుకున్నారు, దాన్ని ఎంత పరిమాణంలో నిలబెట్టారు అన్నదే. ఆ సంగతి చెప్పవలసిన చోట దాదాపు అంతటా ‘మిశ్రమ మాధ్యమం’ (ఒకటికి మించిన పదార్థాలు) అని మాత్రమే రాసి వదిలేశారు.

కేటలాగులో ఎర్రటి గీతల బొమ్మగా కనిపించిన ఒక పని ముందు, ప్రదర్శనలో నేను చాలాసేపు నిలబడిపోయాను. కూల్చివేసిన తమ ఇంటి ఇటుకలను పొడిచేసి, ఆ పొడినే రంగుగా వాడి, ఆ ఇంటి ప్లానును అసలు కొలతలతో నేలమీద గీశారని పక్కనున్న లేబుల్ చెప్పింది. గదుల మధ్య నడిచి చూడవలసిన పని అది. స్థానభ్రంశం గురించి స్టేట్‌మెంట్‌లో ఉన్న పెద్ద పేరాకంటే ఆ లేబులే నాకు ఎక్కువ చెప్పింది; కేటలాగులో లేనిది సరిగ్గా అదే.

బ్రిటిష్ చిత్రకారిణి జెన్నీ సావిల్ 1992లో గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్ డిగ్రీ షోలో ‘ప్రాప్డ్’ అనే తైలవర్ణ చిత్రాన్ని ఉంచారు. ఏడు అడుగుల ఎత్తున్న ఆ కాన్వాస్‌లో స్టూలుమీద కూర్చున్న స్త్రీ దేహం మీదుగా స్త్రీవాద తత్త్వవేత్త లూస్ ఇరిగారే వాక్యాలను తిరగేసి రాసి, వాటిని సరిగా చదవడానికి ఎదురుగా అద్దం పెట్టారు. దేహం ఇతివృత్తమని ఎవరైనా అనవచ్చు గానీ, చూసేవారిని మించిన ఆ పరిమాణమూ, చిత్రానికీ అద్దానికీ మధ్య నిలబడవలసి రావడమూ తెలియకపోతే ఆ మాటకు అర్థం లేదు. అమెరికన్ కళాకారుడు ఫెలిక్స్ గొంజాలెజ్-టోరెస్ 1991లో చేసిన, తన సహచరుడు రాస్ చిత్తరువుకైతే మాధ్యమం, కొలతల వరుసే ప్రాణం. రంగు కాగితాలు చుట్టిన మిఠాయిల కుప్ప, దానికి కళాకారుడు నిర్దేశించిన ఆదర్శ బరువు 175 పౌండ్లు, అంటే సుమారు 79 కిలోలు. వచ్చినవారు తలా ఒకటి తీసుకోవచ్చు. ఎయిడ్స్‌తో చనిపోయిన రాస్ శరీరంగా ఆ బరువును చదువుతారు. బరువు చెప్పకపోతే మనకు మిగిలేది మిఠాయిలే.

ఇంతకు ముందు నా దగ్గరికి వచ్చిన కేటలాగుల్లో, నలుపు తెలుపుల్లో పిన్నులు కొట్టి ఇచ్చిన ఒక పలుచటి పుస్తకాన్ని ఇప్పటికీ తరచు తీస్తుంటాను. ప్రతి పనికీ కొలతలు, గదిలో ఎలా అమర్చారో చూపే ఫొటో అందులో ఉన్నాయి.

ఈ కేటలాగు చివర విద్యార్థుల స్కెచ్‌బుక్ పేజీలు కొన్ని ఉన్నాయి. అవి అద్భుతం! ఒక ప్రింట్‌మేకింగ్ విద్యార్థి ఒకే ఎచింగ్ ప్లేటును (ఆసిడ్‌తో గీతలు తొలిచి అచ్చు తీసే లోహపు పలకను) ఆసిడ్‌లో మళ్లీ మళ్లీ ఉంచి, తాతగారి ముఖం క్రమంగా నల్లబడి గుర్తుపట్టలేనంతగా మారడాన్ని దశలవారీగా నమోదు చేశారు. స్మృతి గురించి ఈ పుస్తకంలో నేను చూసిన అత్యుత్తమ పేజీ అదే. దానికి అరపేజీ కూడా దక్కకపోవడం నాకు కోపం తెప్పించింది.

కాబట్టి ప్రదర్శన ముగిసేలోగా మీకు వీలుంటే వెళ్లి లేబుళ్లన్నీ చదవండి; కేటలాగును మాత్రం కొనమని చెప్పలేను. వచ్చే ఏడాది నిర్వాహకులు స్టేట్‌మెంట్లను సగానికి తగ్గించి, ఆ చోటును కొలతలకూ స్కెచ్‌బుక్ పేజీలకూ ఇస్తే, నా డబ్బుతోనే కొంటాను.